దారి చెప్పుట వేఱు, దారి యిచ్చుట వేఱు

అంధులకు దారి చెప్పు యంత్రము వచ్చినది. అది అఱచేతిలో ఇమిడిపోవును. పోవలసిన చోటి పేరు పలికినచో వినును. విని, ఎంత దూరము సాగవలెనో, ఏ మలుపున ఎడమకు, ఏ కూడలిలో కుడికి తిరుగవలెనో చెవిలో చెప్పును. దారి తప్పినచో హెచ్చరించి మఱల సరియైన దారికి మరలించును. ఇది కట్టుకథ కాదు. నేడు చౌక ఫోనులలో సైతము ఈ శక్తి యున్నది. నిన్నటిదాక ఒకరి భుజముపై చేయి వేసిగాని వీథిలో నడువలేని మనుష్యుడు నేడు “పోయివచ్చెదను” అని ఒంటరిగా గడప దాటగల కాలము వచ్చినందుకు మేము మనసార సంతోషించుచున్నాము.

అయితే ఈ సంతోషము చాటున ఒక మోసము సాగుచున్నది. ఏటేట సభలు జరుగును. వేదికపై దండలు, ఛాయాచిత్రములు. పదిమంది అంధుల చేతులలో పది పెట్టెలు పెట్టి, “మీకిక లోకమంతయు తెఱచియున్నది” అని పెద్దలు ఉపన్యసింతురు. సభ ముగిసిన పిమ్మట ఆ పదిమందియు బయటికి వచ్చి ఏ నేలపై నడువవలెనో ఆ నేలను గూర్చి వేదికపై ఒక్క మాటయు వినరాదు. దారి చెప్పుట వేఱు. దారి యిచ్చుట వేఱు. మొదటిది యంత్రము చేయును. రెండవది మనము చేయవలెను. యంత్రము తన పని తాను చేయుచుండగా, దానినే సాకుగా చూపి మన పని మానుకొందమను వాదమును మేము ఖండింపదలచితిమి.

ముందుగా యంత్రమునకు న్యాయము చేయుదము. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్న అమెరికావారి జీ.పీ.ఎస్. ఉపగ్రహములు ఎడతెగక కాలసంకేతములు పంపుచుండును. కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములు తనను చేరుటలో గల కాలభేదమును బట్టి యంత్రము తానున్న చోటును లెక్కగట్టును. ఆ చోటును పటముతో సరిచూచి, దారిని మాటగా మార్చును. దీనిని అంధులకు ఉపయోగింపవచ్చునను ఆలోచన 1985 ప్రాంతమున పుట్టినది. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా విశ్వవిద్యాలయమున జాక్ లూమిస్ అను మనశ్శాస్త్రజ్ఞుడును, రెజినాల్డ్ గాలెడ్జ్ అను భూగోళశాస్త్రజ్ఞుడును ఈ పనికి పూనుకొనిరి. గాలెడ్జ్ స్వయముగా చూపు కోల్పోయినవాడు. అంధుని అవసరమును అంధుడే ఎదుట నిలిచి చెప్పినందుననే ఆ కృషి సరియైన త్రోవ పట్టినదని మా నమ్మకము. వారి తొలి పరికరము వీపున మోయవలసినంత బరువు. 2000 సంవత్సరము మే నెలలో అమెరికా ప్రభుత్వము తన సంకేతములలో బుద్ధిపూర్వకముగా కలుపుచుండిన తప్పును తొలగించెను. అంతవఱకు నూఱు మీటర్లదాక ఉండిన పొరపాటు ఒక్కనాటితో ఎంతయో తగ్గిపోయెను. పిదప కెనడావారి ట్రెక్కర్ వంటి చేతిపరికరములు వచ్చినవిగాని, వాని వెల మన సామాన్యునికి అందలేదు. చేతిఫోను వ్యాపించిన తరువాతనే ఈ విద్య పేదవాని గడప త్రొక్కినది. 2018లో గూగుల్ పటము తెలుగున దారి చెప్ప నారంభించినది.

ఇంతవఱకు మేలే. ఇక దాని హద్దు చూడుడు. మబ్బులేని ఆరుబయట సైతము ఫోను చూపు చోటులో సుమారు 5 మీటర్ల తేడా సహజము. ఎత్తైన మేడల నడుమ సంకేతములు గోడలకు తగిలి తిరిగివచ్చుటచే ఆ తేడా ఇంకను పెరుగును. కారు నడుపువానికి ఈ తేడా లెక్కలోనిది కాదు. మిగిలినది వాని కన్నులు సరిదిద్దుకొనును. కాని మన బెజవాడ సంగతి యేమి? ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ ఈ నగరమును చీల్చుకొని పాఱుచున్నవి. కాలువగట్టుమీద నడచువానికి 5 మీటర్లనగా రోడ్డునకును నీటికిని నడుమగల దూరము. డెల్టా గ్రామములలో దారియే కాలువగట్టు. అక్కడ యంత్రము మాటను మాత్రమే నమ్మి అడుగు వేయుమనుట దయ కాదు, హత్యాప్రయత్నము.

మఱియు యంత్రము పటమును ఎఱుగునుగాని నేలను ఎఱుగదు. బీసెంట్ రోడ్డు పటములో గలదు; ఆ రోడ్డుప్రక్కన ఈ ఉదయము దింపిన ఇసుకకుప్ప పటములో లేదు. మూత తీసి మఱచిన మురుగుగుంట లేదు. అంగడి ముంగిట అడ్డముగా నిలిపిన మోటారు సైకిలు లేదు. తలయెత్తున వ్రేలాడు తీగ లేదు. అందుచేతనే తెలిసినవారందఱును ఒకటే చెప్పుచున్నారు: దారి చెప్పు యంత్రము తెల్లకఱ్ఱకు తోడుగాని, దానికి మాఱు కాదు. కఱ్ఱ ఒక్క అడుగు ముందరిది చెప్పును. యంత్రము ఒక్క వీథి ముందరిది చెప్పును. ఈ రెంటి నడుమ లోటును పూరించుటకు ఢిల్లీ ఐ.ఐ.టి. వారు 2014లో స్మార్ట్‌కేన్ అను పరికరమును వెలువరించిరి. తెల్లకఱ్ఱ పిడికి తగిలించిన ఈ పరికరము చెవికి వినబడని ధ్వనితరంగములచే మోకాలినుండి తలవఱకు గల అడ్డులను 3 మీటర్ల దూరముననే పసిగట్టి, చేతికి ప్రకంపనముచే తెలుపును. స్వదేశమున, స్వల్పవ్యయముతో చేసిన ఈ పనిని మేము శ్లాఘించుచున్నాము.

ఇంకొక సంగతి కన్నులున్నవారికి తోచదు. అంధునకు చెవియే కన్ను. వెనుకనుండి వచ్చు బండి దూరము, ఎదుటి గోడ దగ్గఱతనము, కూడలి వైశాల్యము – ఇవన్నియు అతడు చెవితోనే చూచును. ఆ చెవిలో యంత్రము మాటలు క్రుక్కినచో ఒక కన్ను మూసినట్లే. చెవి రంధ్రమును మూయక, ఎముక ద్వారమున ధ్వనిని పంపు శ్రవణయంత్రములు ఇందుకే వచ్చినవి. మఱి ఇంత జాగ్రత్తతో కాపాడిన చెవికి మన వీథి యేమి వినిపించుచున్నది? ఆగని హారనులు, అంగళ్లముందఱి ధ్వనివర్ధకములు! పైగా చప్పుడే లేకుండ దూసికొనివచ్చు విద్యుద్వాహనములు! చెవులు పగులగొట్టు చప్పుడొకవైపు, ప్రాణము తీయు నిశ్శబ్దమొకవైపు.

ఇక నేల మాట. మన నగరమునకు గత కొన్నియేండ్లలో గొప్ప కట్టడములు వచ్చినవి. బెంజి సర్కిల్ వద్ద వంతెన లేచినది. ఇంద్రకీలాద్రి పాదమున ఆఱు వరుసల కనకదుర్గ వంతెన 2020 అక్టోబరులో తెఱచిరి. చక్రములకు ఆకాశమున బాట వేసితిమి, సంతోషమే. పాదములకు నేలమీద బాట యెక్కడ? కాలిబాటపై అడ్డులేని వెడల్పు కనీసము 1.8 మీటర్లుండవలెననియు, దాని యెత్తు 15 సెంటీమీటర్లు మించరాదనియు భారత రహదారుల కాంగ్రెసు నియమము. పాఠకులారా! గవర్నరుపేటలోనో, ఏలూరు రోడ్డుమీదనో, వన్‌టౌనులోనో కొలబద్ద చేతబట్టి ఒక్క ఫర్లాంగు నడచి కొలువుడు. ఎచ్చట 1.8 మీటర్లు ఎడతెగక నిలిచియున్నదో మాకు వ్రాయుడు. ఆ వీథి పేరును ఈ పుటలోనే పెద్ద అక్షరములతో అచ్చువేయుదుము.

జపానుదేశమున సేయిచి మియాకె అను ఒక సామాన్యుడు పాదమునకు తగులునట్లు బుడిపెలు గల పలకలను కల్పించి, 1967 మార్చి 18న ఒకాయామాలోని అంధపాఠశాల చెంత వీథిలో పఱపించెను. నేడవి ప్రపంచమంతట నున్నవి. మన రైలుస్టేషను ప్లాట్‌ఫారముల అంచులయందును పసుపుపచ్చని వరుసగా కానవచ్చును. కాని మన పట్టణములలో ఆ పలకల దుర్గతి చూడుడు. పలకలు వరుసగా సాగి కరెంటు స్తంభమునకు కొట్టుకొని ఆగును. చెట్టు మొదట అంతమగును. ఒక్కొక్కచోట తిన్నగా మురుగుకాలువలోనికి దారితీయును. పఱచినవాడు బిల్లు తీసికొన్నాడు, కొలిచినవాడు సంతకము చేసినాడు, నడచినవాడు పడినాడు. పైన పటారము, లోన లొటారమనగా ఇదియే.

తోపుడుబండివారిని తఱిమివేసినచో సరిపోవునందురు కొందఱు. ఇదియొక కపటవాదము. 2014లోనే వీథివర్తకుల రక్షణకు శాసనము వచ్చినది; వారికి చోటు గుర్తించి యిచ్చుట పురపాలకుల విధి. నాలుగు చక్రముల బండిని కాలిబాటపై ఎక్కించిన సంపన్నుని విడిచి, నాలుగు జామపండ్లు అమ్ముకొను పేదరాలిని అంధుని పేర తఱుముట ధర్మము కాదు. ఒక బీదను మఱొక బీదపైకి ఉసికొల్పి తాము తప్పించుకొనువారి మాట వినవద్దు.

“అంధులెందఱు వీథిలో నడచుచున్నారు? మాకు కనబడరే!” అని మఱికొందఱి ప్రశ్న. నడచుటకు బాట లేనిచోట నడచువారు కనబడుదురా? వంతెన లేని యేటిని ఎందఱు దాటుచున్నారని లెక్కించి, ఎవరును దాటుటలేదు గావున వంతెన అక్కఱలేదనుట యెట్టిదో ఇదియు అట్టిదే. 2011 జనాభా లెక్కలలో దేశమున చూపు లోపము గలవారు 50 లక్షలకు పైబడిరి. వారందఱు ఎక్కడ? ఇండ్లలో. మంచముల మీద. గడపలలోపల. వారిని చీకటిలో నుంచినది కన్నులు కాదు, మన వీథులు. కన్నులున్నవారికి మాత్రము ఈ వీథులు క్షేమమా? 2022లో ఒక్క సంవత్సరముననే దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించిన పాదచారులు 32 వేలకు పైబడిరి. అంధుని కొఱకు వేసిన బాట ముసలివారికి, గర్భవతికి, బడిపిల్లవానికి, మనకందఱకు బాట.

“ఎవరో ఒకరు చేయి పట్టుకొని తీసికొనిపోవుదురులే” అనునది మూడవ వాదము. దయ ముసుగు వేసికొన్నది గావున అన్నింటికంటె ప్రమాదకరమైనది. చేయి పట్టువాడు తీరిక దొరికినపుడు వచ్చును. తనకు తోచినచోటికి తీసికొనిపోవును. ఎచ్చటికి, ఎందుకు అని అడుగును. ఇరువదియేండ్ల యువకుడు ఒక స్నేహితుని చూడవలెనన్న తల్లికి చెప్పవలెను, తల్లి తమ్ముని బ్రతిమాలవలెను, తమ్మునికి తీరికయుండవలెను. ఇదియా బ్రదుకు? స్వాతంత్ర్యమని మనము ఏ పెద్ద మాట పలుకుచున్నామో, దాని మొదటి అక్షరము ఒకరి అనుమతి లేక గడప దాటుటయే. మన సామెతలు సైతము ఈ పాపమున పాలు పంచుకొన్నవి. గుడ్డెద్దు చేలో పడినట్లని నవ్వుదుము. చేను ఎవరిది, గట్టు తెంచినవాడెవడు అని మాత్రము అడుగము.

అంధుడు ఏమి చేయగలడని సందేహించువారికి ఈ బెజవాడయే సమాధానము చెప్పగలదు. 1914 ఏప్రిల్ 10న ఈ నగరమున ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగినది. దానికి అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. చిన్ననాటినుండి రేచీకటితో బాధపడి, క్రమముగా చూపు పూర్తిగ కోల్పోయిన ఆ మహనీయుడు తన స్వీయచరిత్రను చెప్పి వ్రాయించెను. చదువుగదులలో కూర్చుండి ఈ పత్రిక చదువుచున్న మీరు ఆ సభకు వారసులు. మన కాలమునకు వచ్చినచో, మచిలీపట్నము చేరువ సీతారామపురమున పుట్టుచూపు లేక పుట్టిన బొల్లా శ్రీకాంతుగారు విజ్ఞానశాస్త్రము చదువుటకు న్యాయస్థానమెక్కి గెలిచిరి, అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి తిరిగివచ్చి, వందలమందికి పని కల్పించు పరిశ్రమ స్థాపించిరి. ఇట్టివారికి దారిలో ఎదురైన అడ్డు వారి కన్నులా? మన తలుపులా?

శాసనము లేదందురా, ఉన్నది. వికలాంగుల హక్కుల శాసనము 2016లో వచ్చినది. సర్వజనోపయోగ భవనములన్నియు, నియమములు ప్రకటించిన అయిదేండ్లలో అందఱికి ప్రవేశయోగ్యము కావలెనని అది విధించినది. ఆ గడువు 2022 జూనుతో తీఱిపోయినది. చూపులేని రాజీవ్ రతూరీగారు 2005లో సర్వోన్నత న్యాయస్థానమునకు మొఱపెట్టుకొనగా, 2017 డిసెంబరులో తీర్పు వచ్చినది. అయినను ప్రభుత్వముల కదలిక లేదు. 2024 నవంబరు 8న ఆ న్యాయస్థానమే మఱల పలికి, ప్రమాణములను కేవల సిఫారసులుగా విడిచిన నియమము చెల్లదనియు, తప్పక పాటింపవలసిన ప్రమాణములను నిర్ణయింపవలెననియు శాసించినది. 2025 ఏప్రిల్ 30న విద్యుత్సాధనముల ద్వారా లభించు సేవలు అంధులకును అందుట జీవించు హక్కులోని భాగమనినది. అదే యేడు మే 14న అడ్డులేని కాలిబాటయు ఆ హక్కులోనిదే అనినది. చెవిలోని యంత్రమునకును, కాలిక్రింది బాటకును రెండు వారముల వ్యవధిలో రాజ్యాంగపు ముద్ర పడినది. ఇక మిగిలిన దేమి? వికలాంగుడన్న పేరు తీసివేసి దివ్యాంగుడని పిలుచుచున్నాము. పేరు మాఱినది, బాట మాఱలేదు. దేవత్వము వలదు, కాలిబాట యిండని వారడుగుచున్నారు.

ఇచ్చట స్వదేశీ విషయమొకటి విన్నవింపవలసియున్నది. తెలుగుగడ్డమీది శ్రీహరికోటనుండి 2013 జూలై 1న మన దేశపు దారిచూపు ఉపగ్రహములలో మొదటిది లేచినది. 2016 ఏప్రిలు నాటికి ఏడును చేరినవి. వానికి నావిక్ అని పేరు. మొదటి ఉపగ్రహములోని విదేశీ గడియారములు మూడును చెడిపోగా, మనవారు నిరాశపడక స్వయముగా రుబీడియము గడియారము నిర్మించి 2023 మే 29న ఎన్.వి.ఎస్.-01లో పంపిరి. 2025 జనవరిలో పంపినది అనుకొన్న కక్ష్య చేరలేదు. అయినను కృషి మానరాదు. ఇతరుల అనుగ్రహముపై నిలిచిన దారి ఎంతకాలము నిలుచునో ఒక నిదర్శనము చాలును. మైక్రోసాఫ్టువారి సౌండ్‌స్కేప్ అంధులకు పరిసరములను ధ్వనిరూపమున వినిపించుచుండెను. 2018లో వెలువడిన ఆ సాధనమును 2023లో కంపెనీ నిలిపివేసినది. దాని లోపలి వ్రాతను లోకమునకు విడిచినందున ఇతరులు దానిని మఱల నిలుపగలిగిరి. వ్యాపారి విడిచినను ప్రజలు చేపట్టగలది మాత్రమే నమ్మదగిన దారి అని దీని పాఠము.

ఆ ప్రజాసాధనము మన చేతిలోనే యున్నది. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనునది 2004లో పుట్టిన సార్వజనిక పటము. ఎవరైనను దానిలో తమ యూరి వివరములు చేర్చవచ్చును. అంధుల యంత్రములు పెక్కు దానినే చదువుచున్నవి. డెల్టాలో దారి అడిగినవానికి మనవారు మీటర్లు చెప్పరు. “రామాలయము దాటి, తూము ప్రక్కనుండి తూర్పువీథిలోనికి పొమ్ము” అందురు. రావిచెట్టు, లాకు, చెఱువుగట్టు, పడవలరేవు – ఇవి మన దారిగుర్తులు. ఇవి పటములో తెలుగున లేనంతకాలము యంత్రము తెలుగు మాటలాడినను, తెలుగు ఊరు ఎఱుగదు. 1935లో పాతూరి నాగభూషణముగారు డెల్టా కాలువలో పడవమీద గ్రంథాలయము నడిపిరి. ఆ తరమువారు పుస్తకమును ఊరూర చేర్చిరి. ఈ తరమువారు ఊరిని పటములో చేర్చలేరా? ప్రతి చదువుగదియు తన వీథులను నడచి, కొలిచి, వ్రాయించవలెను. ఆ నడకలో అంధుడొకడు ముందు నడువవలెను. మిగిలినవారు అతనివెంట నడచి, అతడు తట్టుకొన్న ప్రతి అడ్డును వ్రాసికొనవలెను.

ప్రభుత్వమును, నగరపాలకులను మేము కోరునవి స్పష్టము. 2016లో కృష్ణా పుష్కరములకు రోడ్లు వెడల్పు చేసితిరి. 2028లో మఱల పుష్కరములు వచ్చును. ఆ పనుల ప్రతి లెక్కలోను కాలిబాట ముందు, అలంకారము తరువాత ఉండవలెను. 2025 మే నెలలో అమరావతి పనులు మఱల ప్రారంభమైనవి. కట్టిన పిదప త్రవ్వుటకన్న కట్టునపుడే బాట వేయుట చౌక. ఆర్.టి.సి. బస్సులు నిలుపుచోటును, బస్సు సంఖ్యను బిగ్గరగా తెలుగున పలుకు ఏర్పాటు కావలెను. యంత్రము నిచ్చువారు తెల్లకఱ్ఱ నడకలో శిక్షణ నీయక యంత్రము నీయరాదు. పఱచిన కాలిబాటను అంధులు నడచి సరేయనిన పిమ్మటనే కంట్రాక్టరునకు సొమ్ము చెల్లింపవలెను. ఈ కడపటి కోరిక ఒక్కటి నెఱవేరినను మిగిలినవి వానియంతట అవియే నెఱవేరును.

అంతరిక్షమున గడియారము నిలుపగలిగిన జాతి నేలపై ఒక రాతిపలకను తిన్నగా పఱవలేదనినచో నమ్మువారెవరు? చేతకాకపోవుట కాదిది, చేయకపోవుట. నేడు అంధుడు తన వంతు చేసినాడు. యంత్రము నేర్చినాడు, కఱ్ఱ పట్టినాడు, గడప దాటినాడు. అతని చెవిలో స్వరము “ముందునకు సాగుము” అని పలుకుచున్నది. అడ్డముగా నిలిచినది మనము. ప్రక్కకు తొలగుదము, దారి యిత్తము.